జిల్లా కోర్టుల నిర్వహణ – పరిమిత నిధులు: ఫాస్ట్‌ట్రాక్ కోర్టుల అనుభవంపై ఒక పరిశీలన

దేశంలోని ఫాస్ట్‌ట్రాక్ కోర్టులకు కేంద్ర ప్రభుత్వం అందించిన ఆర్థిక సహాయం 2011 మార్చి 31వ తేదీతో నిలిచిపోయింది. ఆనాటికి 1,192 కోర్టులు పనిచేస్తున్నాయి. వాటికి బదిలీ అయిన కేసులలో సుమారు 33 లక్షలు పరిష్కారం కాగా, సుమారు 6 లక్షల కేసులు విచారణలోనే మిగిలిపోయాయి. ఆ కోర్టులను కొనసాగించడమా, మూసివేయడమా అన్నది ఆయా రాష్ట్రాల ఖజానా స్థితిపై ఆధారపడిన విషయమైంది. జిల్లా న్యాయవ్యవస్థకు నిధుల ప్రస్తావన వచ్చినపుడల్లా ఈ అనుభవాన్ని గుర్తుకు తెచ్చుకోవడం అవసరం.

పదకొండవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు 1,734 ఫాస్ట్‌ట్రాక్ కోర్టుల ఏర్పాటుకు ఐదేళ్ల కాలానికి రూ.502.90 కోట్లు కేటాయించారు. ఇందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 86 కోర్టులు. సగటున ఒక్కొక్క కోర్టుకు ఐదేళ్లకు కలిపి రూ.29 లక్షలు, అనగా ఏడాదికి ఆరు లక్షల కన్నా తక్కువ లభించింది. 2005లో గడువు ముగియగా, అప్పటికి పనిచేస్తున్న 1,562 కోర్టులకు మరో ఐదేళ్లు, ఆపై ఇంకొక సంవత్సరం పొడిగింపు లభించింది. ఆ దశలో కేంద్రం ఇచ్చిన ఆవర్తక సహాయం కోర్టుకు ఏటా రూ.4.80 లక్షలు మాత్రమే. పదకొండేళ్లలో కేంద్రం విడుదల చేసిన మొత్తం సుమారు రూ.870 కోట్లు. పరిష్కారమైన కేసుల సంఖ్యతో పోల్చి చూస్తే ఇది చాలా స్వల్ప వ్యయమని అంగీకరించక తప్పదు.

అయితే లోపం నిధుల పరిమాణంలో కన్నా వాటి స్వభావంలో ఉంది. కోర్టు వ్యయంలో అధిక భాగం భవనానికి కాక జీతభత్యాలకు పోతుంది. న్యాయాధికారితోపాటు బెంచి గుమాస్తా, స్టెనోగ్రాఫర్, టైపిస్టు, సమన్లు అందజేసే ప్రాసెస్ సర్వర్, అటెండర్ ఉంటేనే ఒక్క వాయిదా సక్రమంగా నడుస్తుంది. ఇది నెలనెలా వచ్చే ఖర్చు. దీనిని గడువు గల గ్రాంటుతో భరించే ఏర్పాటు చేసినందున న్యాయాధికారుల నియామకాలు సైతం అడ్‌హాక్ పద్ధతిలోనే జరిగాయి.

గ్రాంటు ఆగి కోర్టు మూతపడితే అక్కడి కేసులు రెగ్యులర్ కోర్టుకు తిరిగి వెళతాయి. ఆ కోర్టు జాబితా అప్పటికే నిండి ఉంటుంది. సగం సాక్ష్యం నమోదైన సెషన్స్ కేసును కొత్త న్యాయాధికారి మొదటినుంచి చదువుకోవలసి వస్తుంది. బెయిలు లభించని విచారణ ఖైదీ ఆ వ్యవధి అంతా జైలులోనే గడుపుతాడు. దీనివల్ల జైళ్ల పద్దులో పెరిగే ఖర్చును కోర్టుల పద్దులో ఆదా అయిన మొత్తంతో సరిపోల్చి చూడడం మన బడ్జెట్ విధానంలో అరుదు.

రాజ్యాంగపరంగా కూడా ఇక్కడ ఒక చిక్కు ఉంది. 229వ అధికరణం ప్రకారం హైకోర్టు పరిపాలనా వ్యయం రాష్ట్ర సంచిత నిధికి నేరుగా చెందుతుంది. దానిపై శాసనసభలో ఓటింగ్ ఉండదు. జిల్లా కోర్టుల వ్యయానికి ఈ రక్షణ లేదు. 235వ అధికరణం కింద వాటిపై అజమాయిషీ హైకోర్టుదే అయినా, కొత్త పోస్టుకు ఆర్థిక శాఖ ఆమోదం తప్పనిసరి. జీతాల వ్యయంలో సగం కేంద్రం భరించాలన్న శెట్టి కమిషన్ సిఫారసును సుప్రీంకోర్టు 2002లో అంగీకరించలేదు. అదే తీర్పులో పది లక్షల జనాభాకు 50 మంది న్యాయాధికారులు ఉండాలని, ఐదేళ్లలో దశలవారీగా ఆ స్థాయికి చేరాలని నిర్దేశించింది. అంటే లక్ష్యం పెరిగింది, భారం మాత్రం రాష్ట్రాల మీదనే నిలిచింది. ఆ లక్ష్యం ఈనాటికీ నెరవేరలేదు.

ఆర్థిక ఇబ్బందులు సత్వర విచారణను నిరాకరించడానికి కారణం కాజాలవని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు నాటినుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. 2012లో బ్రిజ్ మోహన్ లాల్ కేసులో మరొక అడుగు ముందుకు వేసి, ఫాస్ట్‌ట్రాక్ కోర్టులను కొనసాగించదలచిన రాష్ట్రాలు శాశ్వత ప్రాతిపదికపైనే కొనసాగించాలని స్పష్టం చేసింది. అయినప్పటికీ గడువు గల పథకాలు ఆగలేదు. లైంగిక నేరాల విచారణకు 2019లో 1,023 ప్రత్యేక ఫాస్ట్‌ట్రాక్ కోర్టులకు పథకం రూపొందించినపుడు ఏడాదికి రూ.767.25 కోట్లు, అంటే కోర్టుకు రూ.75 లక్షల వ్యయం అంచనా వేశారు. పాత సహాయంతో పోల్చితే ఇది వాస్తవానికి ఎంతో దగ్గరగా ఉన్న లెక్క. కానీ ఇదీ గడువుకు లోబడినదే. 2023లో కేంద్రం దీనిని 2026 మార్చి 31 వరకు పొడిగించింది.

పదమూడవ ఆర్థిక సంఘం 2010–15 కాలానికి న్యాయవ్యవస్థకు రూ.5,000 కోట్లు సిఫారసు చేసింది. అందులో సగం ఉదయం, సాయంకాలపు కోర్టులకు ఉద్దేశించినది. మొత్తంలో పెద్ద భాగం వినియోగం కాలేదు. పగలంతా పనిచేసిన న్యాయాధికారి, సిబ్బంది, న్యాయవాదులే మళ్లీ సాయంత్రం కూర్చోవాలని ఆశించిన పథకం అది. నిధులు ఉన్నంత మాత్రాన మనుషులు ఉన్నట్లు కాదు.

అదే గ్రాంటులో రూ.300 కోట్లు కోర్టు మేనేజర్ల నియామకానికి కేటాయించారు. జిల్లా జడ్జీలను పరిపాలనా భారం నుంచి కొంత తప్పించాలన్న ఆలోచన మంచిదే. గ్రాంటు కాలం ముగిశాక పలు రాష్ట్రాలలో ఈ మేనేజర్లు కాంట్రాక్టు పద్ధతిలో కొనసాగారు, కొన్ని చోట్ల పోస్టులే రద్దయ్యాయి. వారి సర్వీసు నిబంధనలను రూపొందించి క్రమబద్ధీకరణకు చర్యలు తీసుకోవలసిందిగా హైకోర్టులను, రాష్ట్ర ప్రభుత్వాలను సుప్రీంకోర్టు 2025 మే నెలలో ఆదేశించింది. గ్రాంటు ముగిసి అప్పటికి పదేళ్లు గడిచాయి.