మోహనతో మొదలుపెడదాం

"కర్ణాటక సంగీతం వినాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు" అని మనలో చాలామంది అంటుంటారు. భయమెందుకండీ? త్యాగరాజస్వామి కీర్తనలు చాలావరకు తెలుగే. పక్క రాష్ట్రాలవాళ్ళు అర్థం అడిగి మరీ నేర్చుకునే మాటలు మనకి ఇంట్లో మాటలు.

ఒక్క రాగం పట్టుకోండి. మోహన అయితే సులువు, ఐదే స్వరాలు: స రి గ ప ద. 'మాయాబజార్' (1957)లో 'లాహిరి లాహిరి' మీకు వచ్చుగా, అది మోహనే! ఇక త్యాగరాజస్వామి 'నను పాలింప' వినండి. ఒకే కీర్తన ఇద్దరు ముగ్గురు పాడింది వింటే తేడా తెలుస్తుంది. కొన్నాళ్ళకి ఆలాపన మొదలవగానే "ఇది మోహన" అని వంటింట్లోంచే చెప్పేస్తారు.

దాచుకునేటప్పుడు రాగం, తాళం, రాసినవారు, పాడినవారు, నాలుగూ రాసుకోండి. లేకపోతే ఫోన్ నిండా 'ఆడియో 47', 'ఆడియో 48' మిగులుతాయి.

వీటన్నిటికన్నా తొందరగా చేయాల్సింది ఇంకోటుంది. ఊళ్ళో అమ్మ బీరువాలో పాత క్యాసెట్లుంటే ఈసారి వెళ్ళినప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించండి. టేపుకి బూజు పడితే పాట పోయినట్టే. అమ్మ పాడే మంగళహారతైతే ఏ క్యాసెట్లోనూ దొరకదు. ఈ ఆదివారం ఫోన్లో పాడించుకుని రికార్డు చేయండి. "నా గొంతు పోయిందే" అంటుంది. ఒప్పుకోకండి!