అతుకుల బొంత



ఒకదానికొకటి పొసగని సంగతులను చూసి మనవాళ్ళు "అతుకుల బొంత" అంటారు. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పరిస్తే పత్రికలవాళ్ళు కూడా అదే పేరు పెడతారు. నిలకడలేని జీవితానికి ఉపమానంగా నేనూ ప్రసంగాల్లో ఈ మాట చాలాసార్లు వాడాను. ఇప్పుడు వాడబోతే నోరు రావడం లేదు. కారణం మీతో చెప్పుకోవాలని ఉంది. చెప్పడం అంత తేలిక కాదు, ఇందులో నా తప్పు ఒకటి దాగి ఉంది.

మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్లో చేరింది. దాని కోసం నా భార్య వేసవి రెండు నెలలూ కూర్చుని ఒక బొంత కుట్టింది. తన నూలు చీరలు రెండు, అమ్మాయి చిన్నప్పటి గౌన్లు, మా అమ్మ చీర ముక్క ఒకటి అందులో ఉన్నాయి. పెట్టె సర్దేరోజున అమ్మాయి దాన్ని చూసి, "నాన్నా, ఇది తీసుకెళ్తే అందరూ నవ్వుతారు. బందరు వెళ్తున్నారుగా, ఒక మంచి దుప్పటి కొనుక్కు రండి" అంది. నా భార్య ఏమీ అనలేదు. బొంత మడిచి బీరువా మీద పెట్టింది. ఆమెకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. బాధ కలిగితే ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. ఆ రోజు ఏ చప్పుడూ లేదు.

బందరులో బంధువుల పెళ్ళి చూసుకుని తిరుగు ప్రయాణంలో పెడనలో దిగాను. మచిలీపట్నానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు కలంకారీ అద్దకానికి పేరు పొందింది. పెద్ద దుకాణాలకు వెళ్ళేంత డబ్బు జేబులో లేదు. ఒక సందులో, ఇంటి ముందుగదిలోనే నడుపుతున్న చిన్న బట్టల కొట్టు కనబడితే లోపలికి వెళ్ళాను. గోడకు రెండు బీరువాలు, వాటిలో దుప్పట్లు, ఓణీలు, జాకెట్టు ముక్కలు, మీటర్ల లెక్కన అమ్మే తానులు. ఓ మూల చాపమీద ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని బొంత కుడుతోంది.

కొట్టు చూసుకునేది ఆమె కొడుకు. ఓపికగా అన్నీ చూపించాడు. పని ఎలా జరుగుతుందో అడిగితే చెప్పాడు. టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. ముందు బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడితే వచ్చే ద్రవం ఆ కరక్కాయ బట్టకు తగలగానే నల్లగా మారుతుంది. ఎరుపు కావలసినచోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపే కనబడదు. తరువాత రంగునిచ్చే వేరో చెక్కో వేసి మరిగిస్తే, పటిక పడినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మధ్యమధ్య పారే నీటిలో జాడించాలి. "ఇప్పుడు రసాయనపు రంగులతో, స్క్రీన్‌తో వేసినవి కూడా వస్తున్నాయి సార్. చవక. మా దగ్గర రెండూ ఉన్నాయి. ఏది ఏదో చెప్పే అమ్ముతాం" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అమ్మాయికి ఒక దుప్పటి ఎంచుకున్నాను.

అతను దాన్ని కాగితంలో చుడుతుండగా పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆమె ముందు గోనెసంచి నిండా ముక్కలు. రంగు సరిగా పట్టనివి, అచ్చు పక్కకు జరిగినవి, తాను చివర మిగిలినవి.

"ఇవన్నీ పారేసేవే కదమ్మా?" అన్నాను.

"పారేస్తే అన్నీ చెత్తే బాబూ. ఉతికి చూస్తే గదా ఏది నిలుస్తుందో తెలిసేది" అంది.

తడిపిన తెల్లగుడ్డతో ఒక్కో ముక్కను రుద్ది రంగు కారుతుందేమో చూస్తోంది. కింద పరచేది మాత్రం పాత చీరే, మెత్తగా ఉంటుందని. కొత్త ముక్కను అలాగే తెచ్చి పాతదానికి అతకకూడదట. మొదటి ఉతుకులోనే కొత్తది ముడుచుకుని పక్కనున్న పాత గుడ్డను లాగి చింపుతుందట. అందుకే ముందు రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, అప్పుడు అతుకుతుంది. మత్తయి సువార్త 9వ అధ్యాయంలోని ఆ ఉపమానం మీద నేను ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాను. గుడ్డ చేతిలో పట్టుకుని చూసింది మాత్రం ఆ రోజే.

పొరలు జారిపోకుండా ముందు వదులుగా కుట్లు వేసి, తరువాత ఒక చెయ్యి అడుగున పెట్టి దగ్గర కుట్లు వేస్తోంది. చూస్తూ చూస్తూ నాకు మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఆమె నా ముఖం చూసి అడిగింది:

"మీ అమ్మగారు కుట్టేవారా బాబూ?"

"కుట్టేదమ్మా."

"ఉందా ఇంట్లో?"

"లేదమ్మా. పోయింది. రైల్లో ఎవరో ఎత్తుకెళ్ళారు."

ఆ మాట నా నోటినుండి ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. అది అబద్ధం.

2001లో నేను వేదాంత విద్య కోసం హాస్టలుకు బయలుదేరినప్పుడు అమ్మ నాకొక బొంత ఇచ్చింది. కూలికి వెళ్ళి వచ్చి, దీపం పెట్టాక, దబ్బనంతో కుట్టినది. తన చీరలు, నాన్న పంచె, మా పాకలో ఒకప్పుడు తెరగా కట్టిన నీలం గుడ్డ అందులో ఉన్నాయి. హాస్టల్లో తక్కిన పిల్లలు రగ్గులు పరచుకున్నారు. మొదటి రాత్రి ఎవరో నవ్వారు. నన్ను చూసి కాదేమో కూడా. మరునాడే దాన్ని మడిచి మంచం కిందకు నెట్టేశాను. 2004లో డిప్లొమా పట్టుకుని ఇంటికి వచ్చేటప్పుడు అక్కడే వదిలేశాను. అమ్మ అడిగింది. రైల్లో దొంగతనం జరిగిందన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "పోన్లే నాయనా, ఎవరో చలికి కప్పుకుని ఉంటారు" అంది.

ఆ రోజునుండి చలికాలం ప్రార్థనలో అమ్మ ఎప్పుడైనా "ఆ బొంత కప్పుకున్న బిడ్డను చల్లగా చూడు తండ్రీ" అనేది. నేను పక్కన మోకాళ్ళమీద ఉండి ఆమేన్ అనేవాడిని. 2012లో అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. నేను నిజం చెప్పలేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించి ఏడ్చారని చదువుతాం. వాళ్ళ చేతుల్లో చూపించడానికి బట్టలున్నాయి. నా చేతిలో ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక ఈ బట్టల సంగతి కొంత చదివాను. పదిహేడో శతాబ్దంలో మన మచిలీపట్నం రేవునుండి అద్దకం బట్టలు ఓడలకెక్కి ఐరోపాకు పోయేవి. ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. మన బట్టల మీద అక్కడి జనానికి ఎంత మోజంటే, తమ నేతగాళ్ళ పొట్టకొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో నిషేధపు చట్టాలు చేశాయి. దొరకని బట్ట గనుక చిన్న ముక్క కూడా పారేయలేదు. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో మన దేశపు అద్దకం ముక్కలతో కుట్టిన బొంత ఇప్పటికీ ఉంది. అది 1708 నాటిదని చెబుతారు. గొప్పింటి స్త్రీలు కుట్టుకున్న అతుకుల బొంత!

ఇది చదివి ముందు గర్వపడ్డాను. వెంటనే సిగ్గుపడ్డాను. దొరసానులు కుట్టుకున్నారని తెలిస్తేనే గాని మా అమ్మ కుట్టినదానికి విలువ కట్టలేనా? ఆ నీలం గుడ్డకు ఏ భవనమూ సాక్ష్యం చెప్పనక్కరలేదు. పొద్దంతా వంగి నాట్లు వేసిన నడుముతో రాత్రి కూర్చుని కుట్టింది. అది చాలు.

బందరునుండి వచ్చిన రాత్రి అమ్మాయికి దుప్పటి ఇచ్చాను. చాలా సంతోషించింది. భోజనాలయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. మందలించాలని కాదు. మందలించే అర్హత నాకు లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆమె తల వంచుకుని విన్నది. అమ్మాయి ఒక్కటే అడిగింది: "నాన్నమ్మకు చివరిదాకా తెలియదా నాన్నా?"

"తెలియదమ్మా" అన్నాను. ఆ తరువాత ఎవరమూ మాట్లాడలేదు.

హాస్టలుకు బయలుదేరే రోజు పొద్దున బీరువా మీద బొంత లేదు. విజయవాడలో గది చూసి వద్దామని వెళ్ళిన నా భార్య మంచం సర్దుతుంటే పక్కనే ఉన్నదట. అమ్మాయి ముందు బొంత పరచి, దానిమీద పెడన దుప్పటి పరచి, అంచులు గట్టిగా లోపలికి దోపిందట. పక్క మంచం పిల్లకు బొంత కనబడదు. నా భార్య ఈ సంగతి చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను. పదహారేళ్ళ పిల్ల అంతవరకు వచ్చింది. ఇరవై ఏళ్ళవాడిని, నేను అంతవరకు కూడా రాలేదు.

ప్రియులారా, మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. అమ్మ కుట్టిన బొంత కావచ్చు, నాన్న చేసిన పీట కావచ్చు. వాటిని మన స్నేహితుల ముందు దాచిన రోజులు కూడా ఉండే ఉంటాయి. వాళ్ళింకా బ్రతికి ఉంటే, ఈ నెలలో ఒక సాయంకాలం పక్కన కూర్చుని చెప్పండి. వాళ్ళు ఏమీ అనరు. "పోన్లే నాయనా" అంటారు. ఆ మాట నిజం చెప్పిన తరువాత వింటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీరైనా తెలుసుకోండి.

పెడన పెద్దావిడకు నేను ఇంకా ఒక నిజం బాకీ ఉన్నాను. ఈసారి బందరు వెళ్ళినప్పుడు ఆ సందులో దిగుతాను.