సారా వేలంపాటను ఆపిన చేతులు

“ధర్నా చేశాం, ఊరేగింపు తీశాం, అర్జీ ఇచ్చాం. ఏం ఒరిగింది?” ఈ మాట ఏ వాడకు వెళ్ళినా వినబడుతోంది. అడిగేవాళ్ళు ఉద్యమ వ్యతిరేకులు కారు. కూలి పోగొట్టుకుని మండలాఫీసు ముందు ఎండలో కూర్చున్నవాళ్ళే. ‘ప్రజల్లో చైతన్యం పెరగాలి’ అని చెప్పి వాళ్ళ దగ్గర్నుంచి తప్పుకోవడం కుదరదు. కొన్ని ఉద్యమాలు సర్కార్ల మెడలు వంచాయి, కొన్ని మర్నాటి పేపర్లో ఫోటోతో ముగిశాయి. ఈ తేడా ఎక్కడుందో మన నేలమీద జరిగిన సారా పోరాటాన్నే తీసుకుని చూద్దాం.

నెల్లూరు జిల్లా దూబగుంట. సంవత్సరం 1991. 1980లలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో పెట్టిన పద్ధతి పుణ్యాన సారా పాకెట్ల రూపంలో ఊరూరా దిగుతోంది. మంచినీళ్ళు రాని పల్లెకు కూడా సారా జీపు వేళ తప్పకుండా వచ్చేది. రాష్ట్ర ఖజానాకు ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలైతే, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఈ కోట్లన్నీ ఎవరివి? పొద్దంతా నడుం వంచి సంపాదించిన కూలి డబ్బులో సాయంత్రానికి ఇల్లు చేరకుండా పోయిన భాగమే అది.

ఆ రోజుల్లోనే జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. పని నుంచి వచ్చి, వంట ముగించి, ఆడకూలీలు రాత్రిబడికి చేరేవాళ్ళు. వాచకంలో తాగుబోతు మొగుడి వల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఉంది. అది చదివిన ఆడవాళ్ళకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర లేకపోయింది. “ఇది మన ఇంటి సంగతే కదమ్మా” అనుకున్నారు. కారణం మొగుడి దుర్గుణం ఒక్కటే కాదనీ, పాకెట్టు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలనీ కూర్చుని మాట్లాడుకున్నారు. సర్కారు చెప్పించిన చదువే సర్కారు సారాకు ఎదురు తిరిగింది! రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడ్డారు. ఊరి ఆడవాళ్ళు సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. తర్వాత ఈ ఊరి సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తక్కిన ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది.

ఇక్కడ కార్యకర్తలు గమనించవలసింది ఒకటుంది. ఆ ఆడవాళ్ళు మొదటిరోజే రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టమని అడగలేదు. ‘మా ఊళ్ళోకి సారా రాకూడదు’ అన్నారు. అంతే. అది వాళ్ళ చేతిలో ఉన్న పని. పొద్దున జీపును వెనక్కి పంపితే సాయంత్రానికి ఇంట్లో ఫలితం కనబడింది. అది చూసి పక్క ఊరు లేచింది. మన కరపత్రాలు కొన్ని చూడండి. సామ్రాజ్యవాదం నుంచి సైడుకాల్వ దాకా పద్దెనిమిది డిమాండ్లు ఉంటాయి. అన్నీ న్యాయమైనవే. కానీ రేపు పొద్దున తన చేతులతో దేన్ని ఆపాలో, దేన్ని సాధించాలో అందులో కూలీకి కనబడదు.

ఊళ్ళో జీపును ఆపడంతోనే ప్రభుత్వం దిగిరాలేదు. దిగివచ్చింది వేలంపాటల దగ్గర. సారా గుత్తేదారు ఏటా వేలంలో లక్షలు, కోట్లు పాడి ప్రాంతాన్ని దక్కించుకునేవాడు. ఆ డబ్బు పల్లెల్లో అమ్మకం మీదే రాబట్టుకోవాలి. ఊరూరా ఆడవాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని కాపలా కాస్తుంటే పాడేవాడెవడు? 1992లో నెల్లూరులో వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. అవి పలుమార్లు వాయిదా పడ్డాయి. వామపక్షాలు, మహిళా సంఘాలు, జన విజ్ఞాన వేదిక, ఇతర ప్రతిపక్షాలు వెన్నుదన్నుగా వచ్చాయి. అప్పటిదాకా అర్జీలను పక్కన పడేసిన ప్రభుత్వం ఖజానా డబ్బు ఆగేసరికి మాట వినడం మొదలుపెట్టింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

అర్జీ ఇచ్చినప్పుడు అధికారి దయ కోసం మనం ఎదురుచూస్తాం. వేలం ఆగినప్పుడు అధికారే మన దగ్గరికి వస్తాడు. అవతలివాడి డబ్బు ఏ ముడి దగ్గర కదులుతుందో పట్టుకోవడం ఎన్ని మైకుల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత కథ అంత సంతోషకరమైనది కాదు. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం వాగ్దానమైంది. ఆ డిసెంబరులో రామారావు ప్రమాణస్వీకారం చేస్తూనే సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి మద్యనిషేధం అమలైంది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఖజానా ఖాళీ అన్నారు. పాలకవర్గాలు మోసం చేశాయనడం నిజమే, కానీ అది సగం నిజం. చట్టం వచ్చాక కాపలా పని ఆడవాళ్ళ చేతుల్లోంచి పోలీసు చేతుల్లోకి పోయింది. ‘చట్టం వచ్చిందిగా, ఇంక మనకేం పని’ అని గ్రామ కమిటీ లేచిపోయిన చోట దొంగసారా దిగింది. నిషేధం ఎత్తేసేనాటికి, వేలాన్ని ఆపిన ఆ బలం ఊళ్ళలో కూడివచ్చి లేదు. ఇవాళ్టి సంగతి చెప్పనక్కర లేదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరిచి, 99 రూపాయలకు క్వార్టరు సీసా తెచ్చారు. తెలంగాణలో 2023లో దుకాణాల లాటరీకి వచ్చిన దరఖాస్తు రుసుములే 2,600 కోట్లు దాటాయి. వేలం పోయి లాటరీ వచ్చింది. ముడి జాగా మారింది.

ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబరు 26న మొదలైన రైతు పోరాటంలోనూ ఇదే కనబడుతుంది. మూడు చట్టాల రద్దు అనే ఒక్క మాట మీద నిలబడ్డారు. ఊరి నుంచి కొందరు వెళితే, కొన్నాళ్ళకు వాళ్ళ స్థానంలో ఇంకొందరు వెళ్ళారు. వాళ్ళ పొలం పని ఊరు చూసుకుంది. పంజాబులో టోల్‌గేట్ల దగ్గర బైఠాయించి వసూళ్ళు ఆపేశారు. ఏడాది తిరిగాక, 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. మద్దతుధరకు చట్టబద్ధత మాత్రం రాలేదు. ఇంకో విషయం కూడా కూలీలుగా మనం మరచిపోరాదు. అదే 2020లో వరినాట్లప్పుడు పంజాబులో కొన్ని పంచాయతీలు నాటుకూలికి ఇంతకు మించి ఇవ్వకూడదని తీర్మానాలు చేశాయి. అయినా కూలీల సంఘాలు రైతుల పోరాటంలో చేరాయి, చేరడం సరైనదే. కానీ రైతు గెలిస్తే కూలీ దానంతటదే గెలుస్తాడనుకోకూడదు. కూలి రేటు పోరు మనది మనం చెయ్యాల్సిందే.

దానికి ముడి ఎక్కడుంది? వెనకటికి కోతల్లో ఉండేది. పంట పండి నిలిచాక ఆసామి ఆగలేడు. ఆ బలాన్ని కోతమిషను తీసుకుపోయింది. మిగిలింది నాట్లు. నారు ముదిరితే దిగుబడి పోతుంది గనుక అక్కడా ఆసామికి వ్యవధి లేదు. అయితే ఇప్పుడు చాలాచోట్ల ఎకరాకింత అని గుత్తకు మాట్లాడుకుని బీహారు, బెంగాల్ ముఠాలను దించుతున్నారు. ‘వాళ్ళొచ్చి మన కూలి చెడగొట్టారు’ అనే మాట వాడల్లో తిరుగుతోంది. ఈ మాట ఆసామికే లాభం. మనం రేటు పెంచమని పని ఆపితే, వాళ్ళతో మాట్లాడకుండా ఆపిన పని ఒక్క పూట కూడా నిలవదు. నారు పొయ్యకముందే వాళ్ళు ఏ షెడ్డులో ఉంటారో, ఎకరాకు ఎంతకు ఒప్పుకున్నారో, మధ్యలో మేస్త్రీ ఎంత మిగుల్చుకుంటున్నాడో కనుక్కోవాలి. భాష రాకపోతే హిందీ వచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకెళ్ళాలి.