ఈశాన్యపు గాలికి ఈశాన్యపు కిటికీ

తుపాను వెళ్లిన మర్నాడల్లా బందరు అరుగుల మీద ఒకే మాట వినపడుతుంది: వాస్తు ప్రకారం కట్టిన ఇంటికి పెచ్చు కూడా ఊడదట. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాక కూడా ఆ మాట మారలేదు. రేకులు ఎగిరిపోయి బిక్కమొహం వేసుకున్న పొరుగువాడికి సానుభూతితో పాటు ఒక సలహా ఉచితంగా అందుతుంది. "మీ ఈశాన్యం మూతపడింది కదండీ, ఒకసారి ఎవరికైనా చూపించుకోండి." ఇల్లేదో జ్వరంతో పడుకున్నట్టు!

సిద్ధాంతం పెద్ద లోతైనదేం కాదు. ఈశాన్యం పల్లంగా, తేలిగ్గా, తెరుచుకుని ఉండాలి; నైరుతి ఎత్తుగా, బరువుగా, మూసుకుని ఉండాలి. ఎందుకని అడిగితే శాస్త్రం అంటారు. ఏ శాస్త్రమని అడిగితే మళ్లీ వాస్తు శాస్త్రమే అంటారు. ఇదంతా పల్లెటూరి అమాయకత్వం అనుకోవడానికీ లేదు. హైదరాబాదులో సచివాలయానికి వాస్తు బాగాలేదని సాక్షాత్తు అప్పటి ముఖ్యమంత్రే అన్నారు. 2020లో ఆ భవనాలు కూల్చేశారు, 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభించారు. ప్రజల సొమ్ము కనక చెల్లింది. నాగాయలంకలో అప్పుచేసి రెండు గదులు వేసుకునేవాడికి చెల్లదు.

ఇక గాలి సంగతి. బంగాళాఖాతంలో తుపాను అపసవ్యంగా తిరుగుతుంది. ఆగ్నేయం నుంచి తీరం మీదికి వస్తుంటే, దాని దారిలో ఉన్న ఊళ్లను మొదట తాకేది ఈశాన్యపు గాలే. అంటే వాస్తు చెప్పినట్టు ఈశాన్యాన పెద్ద కిటికీలు పెట్టి, నైరుతిని గుడ్డిగోడ చేసిన ఇల్లు సరిగ్గా తుపానుకే ఎదురేగి నిలబడుతుంది. కిటికీ గెడ ఒక్కటి ఊడితే చాలు, లోపల దూరిన గాలికి బయటికి దారి ఉండదు. అది కప్పును కిందనుంచి ఎత్తుతుంది. కప్పు మీదుగా పోయే గాలి పైనుంచి లాగుతుంది. రెండూ కలిశాక రేకు ఎగరక ఏం చేస్తుంది? మన ప్రమాణాల ప్రకారం బందరులో కట్టే ఇంటికి లెక్కించవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంతటి గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో సమానంగా నెడుతుంది. రేకుల మీద నాలుగు ఇటుకలు, ఒక పాత టైరు పెట్టి నమస్కారం చేసుకుంటే అది ఆగదు.

దానికి జవాబు రహస్యమేమీ కాదు. తుపానును తట్టుకునే చిన్న ఇళ్ల గురించి 2004లోనే ఐఎస్ 15498 అనే ప్రమాణం వచ్చింది. కప్పు నాలుగు వైపులా వాలాలి. చూరు మరీ బయటికి చాచకూడదు. అంచుల్లో, వెన్ను దగ్గర హుక్కులు దగ్గర దగ్గరగా పడాలి. కప్పు నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి ఇనుప కట్టు ఎక్కడా తెగకూడదు. అయితే వాషరు వేసి హుక్కు బిగించిన మేస్త్రీకి ఎవరూ పట్టుబట్టలు పెట్టరు.

గుడివాడ వైపు ఈ వ్యాసకర్త పినతండ్రి ఇంటికి పడమటి గది గోడలో పగులొచ్చింది. ఏటవాలుగా, రూపాయి బిళ్ల దూరేంత. పిలిపించిన వాస్తు పండితుడు దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, నైరుతి దోషమన్నాడు. గేటు జరపాలి, ఈశాన్యంలో నీళ్ల సంపు తవ్వాలి. గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రీ మెల్లగా అన్నాడు: "నల్లరేగడి కదండీ, పునాది లోతు చాల్లేదండీ." ఆ మాట ఎవరి చెవినా పడలేదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నోళ్లు తెరుస్తుంది; దాని మీద పైపైన వేసిన పునాది దానితోపాటే ఆడుతుంది. ఈశాన్యంలో తవ్విన సంపు కారడం మొదలయ్యాక ఆ మూల మట్టి నానింది, నైరుతి మూల ఎండిపోయింది. రెండో గోడ కూడా పగిలింది. పండితుణ్ణి మళ్లీ పిలిచారు, మళ్లీ దక్షిణ ఇచ్చారు. గేటుకీ సంపుకీ పోసిన డబ్బుతో ఇంటి చుట్టూ నీళ్లు దిగకుండా గచ్చు చేయించుకోవచ్చు.

ఇంతవరకూ పోయింది డబ్బే. 1977 నవంబరు 19, శనివారం వచ్చిన తుపానుకు దివిసీమలో పోయినవి ప్రాణాలు. అది కార్తీక మాసం, స్నానాలకూ దీపాలకూ పేరుపడ్డ పుణ్యమాసం. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి మైళ్ల దూరం లోపలికొచ్చింది. సొర్లగొంది దాదాపు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. అధికారిక లెక్కే 10 వేలకు చేరువ. తాటిచెట్టో తుమ్మచెట్టో పట్టుకుని బతికినవాళ్లకు చేతుల్లోంచి జారిపోయిన పిల్లలు గుర్తున్నారు. అలాంటివాళ్లకు పెద్దమనుషులు ఏం చెప్పారు? లోకంలో పాపం పెరిగిందనీ, సముద్రుడు కన్నెర్ర చేశాడనీ, ఎవరి ఖర్మ వాళ్లదనీ. చనిపోయిందెవరు? పాకల్లో ఉన్న కూలీలు, చేపలు పట్టుకునేవాళ్లు, ఊరి చివర పల్లంలోకి నెట్టేసిన వాడల వాళ్లు. మూడు నెలల పసిబిడ్డ ఏ పాపం చేసిందో చెప్పమంటే పూర్వజన్మ చూపిస్తారు. తల్లికి మిగిలిన ఒక్క ఓదార్పునూ నేరారోపణగా మార్చే ఈ తెలివి ఏ తుపానుకూ లేదు. మనుషులు పాపం కొలతను బట్టి పోలేదు, నేల ఎత్తును బట్టీ గోడ గట్టిదనాన్ని బట్టీ పోయారు.

శవాలు తీయడానికి, ఇళ్లు నిలబెట్టడానికి వచ్చినవాళ్లలో విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లున్నారు. నాస్తికత్వం కారణంగా బందరు హిందూ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, 1940లో ముదునూరులో మొదలుపెట్టిన సంస్థ అది. ఆశ్రమాల వాళ్లూ, ఆరెస్సెస్ వాళ్లూ వచ్చారు, కాదనడం అన్యాయం. కానీ వాళ్లు కూడా ఇళ్లు సిమెంటుతోనే కట్టారు, మంత్రాలతో కాదు.

1990 మే 9న అంతటి భీకర తుపానే మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. పోయినవాళ్లు 967 మంది. పదమూడేళ్లలో జనం పుణ్యాత్ములైపోలేదు. హెచ్చరికలు ముందే అందాయి, లక్షలమందిని లోతట్టు ఊళ్ల నుంచి తరలించారు, తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. 5 మీటర్ల నీటిని ఏ ఇల్లూ ఆపదు. ఆ రాత్రికి ఇల్లు వదిలి ఎత్తుకు చేరాల్సిందే.

మన పూర్వీకులకు ఇవేవీ తెలియవని కాదు. కోస్తా పొడుగునా వాళ్లు కట్టుకున్న చుట్టిల్లు చూడండి: గుండ్రటి మట్టిగోడ, శంకువులాంటి కప్పు, నేలను తాకేంత దిగిన చూరు. గాలి దాని చుట్టూ జారిపోతుంది. మూలే లేని ఆ ఇంట్లో ఈశాన్య మూల ఎక్కడుందో వాస్తు పండితులు చెప్పాలి.

ఆ తెలివిని వదిలేసి పట్టుకున్నది కర్తరిని. ఏటా మే 4 ప్రాంతం నుంచి 28 దాకా మట్టి తవ్వకూడదు, ఇల్లు కప్పకూడదు. వానాకాలానికి ముందు తీరంలో పాక నేయడానికి, రేకులు సరిచూసుకోవడానికి మిగిలేవి ఆ రోజులే. 1990 తుపాను వచ్చిన మే 9 నాటికి కర్తరి మొదలై వారం కూడా కాలేదు. ఇప్పటికీ దివిసీమ పల్లెల్లో కప్పు పని నెలాఖరుకు వాయిదా వేసుకునేవాళ్లున్నారు. కర్తరి వెళ్లగానే అందరూ ఒక్కసారిగా తాటాకు కోసం, మేస్త్రీల కోసం ఎగబడతారు. అప్పటికి నైరుతి మేఘం రానే వస్తుంది.