విలీనమను మాటలోని బొమ్మ

ఏ సంస్థలోనైనను మార్పు వచ్చునపుడు దానివెంట ఒక మాట వచ్చును. ఆ మాటలో ఒక బొమ్మ దాగియుండును. 2022లో ఆంధ్రప్రదేశమున అనేక ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను సమీపమునందలి ఉన్నత పాఠశాలలకు చేర్చినపుడు ఆ మార్పు జనుల నోట 'విలీనము' అను పేర నిలిచినది. 2025లో ప్రభుత్వము ఆ ఏర్పాటును ఉపసంహరించుకొన్నది. దాని మంచిచెడ్డలు అటుండనిండు. మాటలోని బొమ్మను విచారింతము.

విలీనమనగా కరగి కలిసిపోవుట. నీట కలిసిన ఉప్పును మరల వేరుగా చూడలేము. కర్ట్ లెవిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును 1947లో ప్రచురితమైన వ్యాసమున, సమూహముల అలవాట్లను ముందు కరగించి, మార్చి, పిదప గడ్డకట్టింపవలెనని వివరించెను. ఈ బొమ్మలు తేటయైనవే. కాని ఉప్పునకును మంచునకును జ్ఞాపకములు లేవు. మూడవ తరగతి బాలునకు కలవు: తెలిసిన వీధి, తల్లిని పేరుపెట్టి పిలుచు పంతులమ్మ, పాతబడిలోనే మిగిలిపోయిన చెల్లెలు.

ఇంతకంటె మేలైన బొమ్మ మన పొలములలోనే కలదు. అది వరినాటు. రైతు ముందుగా మడిని దమ్ముచేయును. నారు ముదురకమునుపే తీయును. నాటిన కొన్నాళ్లు నారు వాడియుండును. అపుడతడు దానిని కసరడు, మడిలో నీరు చూచుకొనును. ఈ బొమ్మ మనచేత కొన్ని ప్రశ్నలడిగించును. గదులు సిద్ధమైనవా? దారి క్షేమమైనదా? వాడియున్న దినములలో పిల్లలను కనిపెట్టువారెవరు?

అయినను నారునకు నోరు లేదు. ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును కలదు. వారిని అడుగవలెనను సంగతిని ఈ బొమ్మయు చూపదు. ఇచట మన అలంకారశాస్త్రము అక్కరకు వచ్చును. ఉపమలో 'వలె' అను మాట పోలికతోబాటు భేదమునుగూడ నిలుపును. రూపకము ఆ భేదమును మరుగుపరచి, ఇది అదియే యనును. కవికి రూపకము శోభ. పాలకునకు ఉపమయే క్షేమము. బడి ఉప్పువలె కరగునా అని అడిగినచో, కరగదను సమాధానమును వినగలము. విలీనమని శాసించినచో ఆ ప్రశ్నకే తావుండదు.

కావున ఉపాధ్యాయ మిత్రులు అలంకారములు బోధించునపుడు చంద్రునివంటి ముఖముకడనే ఆగరాదు. ఈనాటి ఉత్తరువులలోని మాటలనుగూడ నల్లబల్లపై వ్రాయవలెను. ఆ మాట చూపు బొమ్మ యేది? ఆ బొమ్మలో కనబడనివారెవరు? ఈ రెండు ప్రశ్నలు అడుగ నేర్చిన విద్యార్థి రేపు ఏ కార్యాలయమున కూర్చున్నను, సంతకము చేయుటకుముందు ఒక్కక్షణమైన ఆలోచించును.