కృత్రిమ మేధయు స్త్రీలును

కృత్రిమ మేధ సర్వజనులదని వేదికలపై చాటుచున్నారు. సంతోషమే. కాని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఒక్కమారైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 21 మందియే. పురుషులు 48 మందికి మించిరి. తాము వాడుకొను ఫోను నాడు స్త్రీలలో సగము మందికైనను లేకుండెను. మగని జేబులోని మేధ ఇల్లాలి కెట్లు చెందును? ఈ మాట మా చదువరులలో కొందరికి రుచింపకపోవచ్చును.

తెలుగు మాట విని తెలుగుననే బదులు చెప్పు యంత్రములు వచ్చినవి. చదువురాని వారికిది మేలే. అయితే అవి ఎవరి గొంతులు విని నేర్చినవి? ముఖముల విషయమున నేమి జరిగినదో చూడుడు. 2018లో అమెరికాలో పరీక్షింపగా, ముఖమునుబట్టి స్త్రీపురుషులను గుర్తించు యంత్రములు తెల్లని పురుషులయెడ నూటి కొకటికి లోపుగను, నల్లని స్త్రీలయెడ నూటికి 34 దాకను పొరబడినవి.

గ్రామములందలి స్త్రీల పొదుపు సంఘములకే ప్రభుత్వము ఫోనులను, శిక్షణను ఇయ్యవలెను. యంత్రమునకు మాట నేర్పు పనియు, దాని కూలియు ఆ స్త్రీలకు దక్కవలెనని మేము కోరుచున్నాము.