సాక్షులు ఎదురు తిరిగితే సత్యం చచ్చిపోతుందా?

"నీ సత్యం నీది, నా సత్యం నాది" అనే మాట మన యువజన కూటముల్లో తరచుగా వినబడుతోంది. వినడానికి వినయంగానే ఉంటుంది. ఆ మాటను ఒక్కసారి కంబాలపల్లికి తీసుకెళ్లి చూద్దాం రండి.

అప్పటి కోలారు జిల్లా చింతామణి తాలూకాలోని ఊరది. 2000 మార్చి 11న అక్కడ ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. కేసు నడిచింది. సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు ఆ తీర్పునే సమర్థించింది.

నేరం రుజువు కాలేదన్నారు గాని, జరగలేదని ఎవరూ అనలేరు. రుజువుకు సాక్షులు కావాలి, సత్యానికి అక్కర్లేదు. ఊరంతా నోరు మూసుకున్నా ఏడుగురు కాలిపోయిన మాట మారదు. కతోలిక సంఘం బోధించే నిరపేక్ష సత్యం ఇదే. మన తలంపు ఉన్నదానికి సరిపోవడమే సత్యమని థామస్ అక్వినాస్ బోధ. మన తలంపుకు తగ్గట్టు ఉన్నది మారదు.

1993లో రెండవ జాన్ పాల్ పోపు తన విశ్వలేఖ 'వెరితాతిస్ స్ప్లెండర్'లో, కొన్ని పనులు ఏ ఉద్దేశంతో చేసినా చెడ్డవేనన్నారు. వాటికన్ మహాసభ మాటలను గుర్తుచేస్తూ నరహత్యతో పాటు బానిసత్వాన్ని, కూలివాణ్ణి పనిముట్టుగా వాడుకోవడాన్ని అందులో చేర్చారు.

మరి మన ప్రసంగ వేదికలు? యువత వేషభాషల మీద నిరపేక్ష సత్యం ఉరుముతుంది. కులం దగ్గరకు రాగానే "సున్నితమైన విషయం" అయిపోతుంది. కోలారు బంగారు గనుల సంగతీ అంతే. తమిళ, తెలుగు దళిత కూలీలు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి బంగారం తవ్వారు. 2001లో గనులు మూతపడ్డాయి. వాళ్ల పిల్లలకు మిగిలింది సైనైడ్ దిబ్బలు. గాలి వీస్తే లేచే ఆ దుమ్ము ఎవరి అభిప్రాయమూ అడగదు.

సత్యమంటే ఏమిటని అడిగిన పిలాతు చేతిలో అధికారం ఉంది. ఎవరి సత్యం వారిదైతే గెలిచేది ఎప్పుడూ బలవంతుడి సత్యమే.

యువతీయువకులారా, అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ కిందనే కతోలిక సత్యోపదేశం సత్యాన్ని గురించి బోధిస్తుంది. భయపడిన సాక్షిని నిందించడం తేలిక. అతనికి కూలి పోతే కూలి, ఇల్లు పోతే ఇల్లు చూపి, కోర్టు మెట్ల దాకా తోడు నడవడం సంఘం పని. అది చేయనంత కాలం సత్యం గురించి మనం చేసే ప్రసంగాలే అబద్ధసాక్ష్యం.